మెదడు వెనుక భాగపు స్ట్రోకులు: కారణాలు, స్కాన్ చిత్రాలలోని రీతులు

ఉపోద్ఘాతం

తెలుగులో స్ట్రోకును పక్షవాతం అంటాం. శరీరంలో ఒక పక్షం చచ్చుబడటమే ఈ వ్యాధికి గుర్తు అనే భావన ఆ మాటలోనే ఉంది. మెదడు వెనుక భాగంలో వచ్చే స్ట్రోకు చాలాసార్లు ఈ నిర్వచనానికి లొంగదు. తల తిరగడం, వాంతులు, నడకలో తూలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మింగలేకపోవడం దీని లక్షణాలు. కాళ్లూ చేతులూ ఆడుతున్నందున దీనిని చెవి సమస్యగా పొరబడే ప్రమాదం ఉంది. రక్తం అందక వచ్చే స్ట్రోకులలో ఇవి సుమారు 20 నుంచి 25 శాతం.

కారణాలు

మెడ వెన్నుపూసల గుండా పైకి సాగే రెండు వెర్టిబ్రల్ ధమనులు కపాలంలో కలిసి బాసిలార్ ధమనిగా మారతాయి. మెదడు కాండం, అనుమస్తిష్కం, థాలమస్, దృష్టికి సంబంధించిన ఆక్సిపిటల్ లంబిక ప్రధానంగా ఈ వ్యవస్థపైనే ఆధారపడతాయి. అమెరికాలోని న్యూ ఇంగ్లాండ్ మెడికల్ సెంటర్ 407 మంది రోగుల వివరాలను పరిశీలించగా, 40 శాతం మందిలో గుండె నుంచి గాని, కింది ధమనుల నుంచి గాని కొట్టుకువచ్చిన రక్తపు గడ్డలే కారణమని తేలింది. పెద్ద ధమనులు కొవ్వు పేరుకొని ఇరుకు కావడం, అధిక రక్తపోటు, మధుమేహాల వల్ల సన్నని శాఖలు మూసుకుపోవడం ఇతర ముఖ్య కారణాలు. యువతలో మెడలోని ధమని గోడ చీలికను తప్పక అనుమానించాలి.

చిత్రాలలోని రీతులు

దెబ్బతిన్న చోటు, దాని ఆకారం కారణాన్ని సూచిస్తాయి. పాన్స్‌లో మధ్యరేఖకు ఒక పక్కనే ఉండి ముందు అంచును తాకే మచ్చ, బాసిలార్ శాఖ మొదట్లోనే మూసుకుపోయిందని తెలుపుతుంది. లోపలే ఉండిపోయే చిన్న మచ్చ సన్నని రక్తనాళాల వ్యాధిని సూచిస్తుంది. అనుమస్తిష్కం, థాలమస్, ఆక్సిపిటల్ లంబికలలో ఒకేసారి చెదురుమదురుగా కనిపించే మచ్చలు కొట్టుకువచ్చిన గడ్డలకు గుర్తు. రెండు థాలమస్‌ల మధ్యభాగాలూ ఒకేసారి దెబ్బతింటే, రెండింటికీ రక్తమిచ్చే పెర్షెరాన్ ధమని మూసుకుపోయి ఉండవచ్చు.

ఈ ఆధారాలు మొదటి గంటల్లో లభించకపోవచ్చు. కపాలపు అడుగుభాగంలోని దట్టమైన ఎముక వల్ల సి.టి. చిత్రంలో చారలు ఏర్పడి చిన్న మచ్చలు మరుగున పడతాయి. ఇంతకంటె ఎంతో సున్నితమైన డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ. కూడా తొలి 48 గంటల్లో కొందరిలో సాధారణంగానే కనిపించవచ్చు. అందుకే, తల ఆగకుండా తిరుగుతున్న రోగిలో కంటి కదలికల పరీక్ష కీలకం. తలను చప్పున పక్కకు తిప్పినప్పుడు చూపు నిలుస్తుందా, కంటి అదురు చూపు దిశనుబట్టి మారుతుందా, రెండు కళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా అనేవి ఇందులోని మూడు అంశాలు. శిక్షణ పొందిన వైద్యుడు చేస్తే ఇది తొలి ఎం.ఆర్.ఐ. గుర్తించలేని స్ట్రోకును సైతం పట్టగలదు. ధమనులను చూపే యాంజియోగ్రఫీ అడ్డు ఎక్కడుందో చెబుతుంది.

ముగింపు

బాసిలార్ ధమని మూసుకుపోయినప్పుడు, గొట్టం ద్వారా గడ్డను తొలగిస్తే ఎంపిక చేసిన రోగులకు మేలు జరుగుతుందని 2022లో వెలువడిన రెండు చైనా అధ్యయనాలు నిరూపించాయి. చికిత్స ఉన్న చోట ఆలస్యానికి మూల్యం ఎక్కువ. కనుక తొలి స్కాన్ సాధారణంగా ఉన్నంత మాత్రాన స్ట్రోకు లేదని నిర్ధారించరాదు. పక్షం పడిపోకుండానే పక్షవాతం రావచ్చుననే అవగాహన వైద్యులతో పాటు రోగి కుటుంబానికీ అవసరం.