ఒకటో కృష్ణుడు, ఆరో బాండ్

జేమ్స్ బాండ్ తొలి సినిమా ‘డాక్టర్ నో’ 1962 అక్టోబరు 5న లండన్‌లో విడుదలైంది. 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’తో ఆ వరసలో సినిమాలు 25 అయ్యాయి. ఇయాన్ ఫ్లెమింగ్ 1953 నాటి నవలలో పుట్టిన ఈ బ్రిటిష్ గూఢచారి వేషం ఆ వరసలో ఇప్పటికి ఆరుగురు కట్టారు. షాన్ కానరీ ఆరుసార్లు, రోజర్ మూర్ ఏడుసార్లు, డేనియల్ క్రెయిగ్ ఐదుసార్లు, పియర్స్ బ్రోస్నన్ నాలుగుసార్లు, టిమోతీ డాల్టన్ రెండుసార్లు బాండ్ అయితే, జార్జ్ లేజెన్‌బీ ఒక్కసారితో సరిపెట్టుకున్నాడు. మనిషి మారినా వేషం నిలబడటమే ఈ సినిమాల దీర్ఘాయుష్షుకు అసలు కారణం.

ఈ కిటుకు తెలుగువారికి కొత్తదేమీ కాదు. పద్యనాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగమెక్కేవారు. ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని కరపత్రంలోనే వేసేవారు. పడక సీను ఒకరిది, రాయబారం మరొకరిది. రాయబారం చెడుతుందనీ యుద్ధం జరుగుతుందనీ తెలియనివాడు ఆ జనంలో ఒక్కడూ ఉండడు. ఈ కృష్ణుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు నిలుపుతాడు అన్నదే వారికి కావలసింది. బాండ్ ప్రేక్షకుడు వెళ్లేదీ అందుకే. బాండ్ గెలుస్తాడని తెలిసే టికెట్టు కొంటాడు.

నాటకానికి నాంది ఉన్నట్టు బాండ్ సినిమాకూ ఒకటుంది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు ఎడమ నుంచి కుడికి జరుగుతాయి. ఒక చుక్క తుపాకీ గొట్టం లోపలి భాగంగా మారుతుంది. అందులో నడిచి వస్తున్న మనిషి గిరుక్కున తిరిగి ప్రేక్షకుడి వైపే కాలుస్తాడు. పైనుంచి ఎర్రగా నెత్తురు జారుతుంది. మారిస్ బైండర్ దీన్ని నిజమైన తుపాకీ గొట్టంలోంచి, సూదిబెజ్జమంత రంధ్రమున్న కెమెరాతో తీశాడు. తమాషా ఏమిటంటే, మొదటి మూడు సినిమాల్లో అలా నడిచింది కానరీ కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్ కళాకారుడు. అంటే బాండ్‌గా తెర మీద మొట్టమొదట కనిపించినవాడే మరొకరు!

నాంది తర్వాత వచ్చేవీ తెలిసినవే: పై అధికారి ఎమ్ అప్పగించే పని, క్యూ చేతికిచ్చే వింత సామాను, విలన్ స్థావరం, చివర్లో దాని పేలుడు. చట్రం అదే ఉంచి లోపలి సరుకును కాలాన్ని బట్టి మార్చుతూ పోయారు. 1977 నాటి సినిమా చివర్లో తర్వాతిది ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ అని ప్రకటించారు. ఇంతలో ‘స్టార్ వార్స్’ ప్రపంచాన్ని ఊపేసింది. నిర్మాతలు మాట మార్చి 1979లో ‘మూన్‌రేకర్’ తీసి బాండ్‌ను అంతరిక్షానికి పంపారు. సోవియట్ యూనియన్ పోయాక, 1995లో ‘గోల్డెన్ ఐ’ వచ్చేసరికి ఎమ్ కుర్చీలో జూడీ డెంచ్ కూర్చుని ఉంది. ఆవిడ బాండ్‌ను పాతకాలపు మనిషివని మొహం మీదే అనేస్తుంది. తన మీద తానే విసురు విసురుకోగలగడం కూడా ఈ వరసను బతికించింది.

ఇక మన దగ్గరికి వస్తే, సికింద్రాబాద్‌లో ఇలాంటి సినిమాలకు నేల ముందే సిద్ధంగా ఉంది. 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరిది. పటాలం, రైల్వే, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, కాన్వెంటు బడులు ఇక్కడి జీవితంలో భాగం. సంగీత్, టివోలీ, ప్లాజా లాంటి హాళ్లు ఇంగ్లీషు సినిమాలకు పేరుపడ్డాయి. అప్పట్లో ఆ సినిమాలు విదేశాల్లో ఆడిన చాలాకాలానికి గాని ఇక్కడికి వచ్చేవి కావు. తెలుగు మాటలు ఉండేవి కావు. అయినా కారు తరుముతుంటే, విలన్ పిల్లిని నిమురుతుంటే అర్థం కావడానికి భాష ఎందుకు? సంగీత్ హాలు ఇప్పుడు లేదు. ఆ కూడలిని మాత్రం జనం ఇప్పటికీ సంగీత్ అనే పిలుస్తున్నారు.

తెలుగు తెర కూడా త్వరగానే అందుకుంది. ‘డాక్టర్ నో’ వచ్చిన నాలుగేళ్లకే, 1966లో, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో ‘గూఢచారి 116’ విడుదలైంది. కృష్ణ హీరో, జయలలిత హీరోయిన్. పెళ్లిళ్లలో నూటపదహార్లు చదివించే ఇళ్లలో ఆ అంకెకు వేరే పరిచయం అక్కర్లేదు. ఆ సినిమాతో కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు స్థిరపడింది. మరుసటి ఏడాదే అది హిందీలో ‘ఫర్జ్’ అయి జితేంద్రను నిలబెట్టింది.

మరి 116 వరసగా ఎందుకు సాగలేదు? 1971లో ‘జేమ్స్ బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’, 1981లో ‘రహస్య గూఢచారి’ వచ్చాయి. అన్నిటా కృష్ణే హీరో, పాత్ర మాత్రం ప్రతిసారీ కొత్తది. జనం వెళ్లింది కృష్ణ కోసం, 116 కోసం కాదు. నాటకంలో వేషం పెద్దది, సినిమాకు వచ్చేసరికి వేషగాడు పెద్దవాడయ్యాడు. హీరో పేరుతో అభిమాన సంఘాలు వెలిసే చోట అతని పాత్రను రేపు ఇంకొకరికి ఇస్తామంటే ఒప్పుకునేదెవరు? 1983లో చిరంజీవి ‘గూఢచారి నెం.1’ అయినప్పుడు కూడా పాత సంఖ్యను ఎవరూ వారసత్వంగా తీసుకోలేదు. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’లో హీరో పేరు గోపి. పాత సినిమాలు ఎరిగినవారికి ఆ పేరు వినగానే కృష్ణ గుర్తొస్తాడు. దానికి కొనసాగింపు తలపెట్టడం తెలుగు గూఢచారికి మంచి కబురే.

ఇటీవలి బాండ్‌లు తెలుగు మాటలతోనూ వస్తున్నారు. 2015లో ‘స్పెక్టర్’ ముద్దులకు సెన్సార్ బోర్డు కత్తెర వేస్తే, ‘సంస్కారీ బాండ్’ అంటూ దేశమంతా నవ్వుకుంది. ‘నో టైమ్ టు డై’ చివర బాండ్ చనిపోతాడు. అయినా పేర్లన్నీ అయిపోయాక, అతను మళ్లీ వస్తాడన్న పాత హామీ మామూలుగానే తెర మీద పడింది. 2025లో ఈ సినిమాల సృజన పగ్గాలు అమెజాన్ చేతికి వెళ్లాయి, దర్శకుడిగా దెనీ విల్నవ్ పేరు ప్రకటించారు. ఏడో బాండ్ ఎవరన్నది అప్పటికింకా తేలలేదు.