ఆకులోని అమ్ములపొది

డిఫెన్‌బేకియా ఆకు నమిలి చొంగ కార్చుతున్న కుక్కకు వెంటనే వాంతి చేయించవచ్చునా అని ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ మొక్క కణనిర్మాణంలోనే ఉంది.

కుండీల్లో అందం కోసం పెంచే డిఫెన్‌బేకియా, మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్ మొక్కలు చేమ, కందలు చేరిన ఏరేసీ కుటుంబానికే చెందినవి. కంద కోసిన చేతుల దురదకూ, ఆకు కొరికిన కుక్క నోటి మంటకూ ప్రధాన కారణం కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలే. రెండు కొనలూ మొనదేలిన ఈ సన్నని స్ఫటికాలను రాఫైడులు అంటారు. ఇడియోబ్లాస్టులనే ప్రత్యేక కణాల్లో, జిగురు పదార్థం మధ్య ఇవి కట్టలుగా ఇమిడి ఉంటాయి. ఆకు నలిగి లాలాజలం తగలగానే జిగురు నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కణపు కొన వద్ద పలుచని గోడ తెగి, పొదిలోంచి అమ్ములు వెలువడినట్లు సూదులు వరుసగా దూసుకువచ్చి నాలుకలో, చిగుళ్లలో దిగబడతాయి. ఇదే కుటుంబపు జాంథోసోమా మొక్క సూదులపై ముళ్లూ గాడులూ ఉన్నట్లు 1972లో సూక్ష్మదర్శిని చూపింది.

ఆక్సలేటు అనగానే రక్తంలోని కాల్షియాన్ని హరించి మూత్రపిండాలను చెరిపే విషమని భావించడం పొరపాటు; అది నీటిలో కరిగే ఆక్సలేట్ల స్వభావం, ఈ సూదులు దాదాపు కరగవు. సూదిపోటే సమస్తమనుకోవడం మరొక పొరపాటు. జపాన్ శాస్త్రజ్ఞుడు కోటారో కొన్నో బృందం కివీపండు రాఫైడులను ఆముదపు ఆకులపై పూసి పట్టుపురుగు జాతి గొంగళిపురుగులకు తినిపించిన ప్రయోగం (2014) ఈ విషయాన్ని అద్భుతంగా తేల్చింది: సూదులు మాత్రమే ఇచ్చినా, ప్రోటీన్లను ఛేదించే ఎంజైము మాత్రమే ఇచ్చినా గొంగళిపురుగులకు కలిగిన హాని స్వల్పం, రెండూ కలిపి ఇస్తే అవి చనిపోయాయి, సూది రూపం లేని కాల్షియం ఆక్సలేటును ఎంజైముతో కలిపినప్పుడు ఆ తీవ్రత కనిపించలేదు. అంటే సూది దారి తెరుస్తుంది, ఆ దారిన ఎంజైము లోపలికి చేరుతుంది. డిఫెన్‌బేకియా రసంలోనూ ప్రోటీన్లను ఛేదించే ఎంజైములున్నట్లు పరిశోధకులు నివేదించారు.

కనుక వాంతి చేయించరాదు. బయటకు వచ్చే సూదులు గొంతును రెండోసారి గాయపరుస్తాయి. నోటిని తడిబట్టతో తుడిచి చల్లని నీరు తాగించాలి, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మొక్కకు ఎంత ఎండ, ఎంత నీరు కావాలో చెప్పి అమ్మేవారు అది కుక్కకు హానికరమన్న సంగతి చెప్పకపోవడం అన్యాయం, గన్నేరు విషయంలో మరీ అన్యాయం. డిఫెన్‌బేకియా మంట కుక్కను సాధారణంగా మొదటి కొరుకుతోనే వెనక్కి మళ్లిస్తుంది గాని, గన్నేరులోని ఒలియాండ్రిన్ అనే విషం గుండె కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ చేరవేసే పంపును అడ్డుకొని గుండె లయనే దెబ్బతీస్తుంది. ఎండిన ఆకులోనూ ఆ విషం నిలిచి ఉంటుంది కాబట్టి కత్తిరించిన గన్నేరు కొమ్మలను కుక్క తిరిగే పెరట్లో పోగువేయకూడదు.