చీపురు పడితే చిన్నతనమా?

“ఏమిట్రా ఆ ఏడుపు, ఆడపిల్లలాగా!”

మోకాలికి దెబ్బ తగిలించుకుని వచ్చిన ఆరేళ్ల పిల్లాడికి మనం చేసే మొదటి వైద్యం ఇదే. ముగ్గు గిన్నె ముట్టుకున్నా, అక్క గాజులు సరదాగా తొడుక్కున్నా ‘ఆడంగి వేషాలు’ అంటాం. ఆ మాటలు వింటూ పెరిగినవాడే రేపు ఒకరికి భర్త అవుతాడు.

భార్యకు జ్వరమొస్తే గిన్నెలు తోముతాడు, కాదనలేం. కానీ కాలింగ్ బెల్ మోగిందంటే చాలు, చేతులు తుడుచుకుని పేపరు పట్టుకుంటాడు! బట్టలు ఉతుకుతాడు గానీ డాబా మీద ఆరేయమంటే ‘ఎదురింటివాళ్లు చూస్తారు’ అంటాడు. అంటే ఇబ్బంది పనితో కాదన్నమాట, చేస్తూ కనబడటంతోనే.

వంట మగవాళ్లకు కొత్తేమీ కాదు. రుచిగా ఉంటే ‘నలభీమపాకం’ అంటాం. ఆ ఇద్దరూ మగవాళ్లేగా! విరాటుడి కొలువులో భీముడు వంటవాడయ్యాడు. అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పాడు. అందువల్ల గాండీవం పట్టిన చెయ్యి చిన్నబోలేదే! నాటకాల్లో సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామవేషంతో పేరు పొందిన వేదాంతం సత్యనారాయణశర్మ గారికి 1970లో అదే గౌరవం దక్కింది.

వేదిక మీద వాలుజడ వేస్తే చప్పట్లు, వాకిట్లో చీపురు పడితే నవ్వులు! హోటల్లో జీతానికి గరిటె తిప్పితే ఉద్యోగం, ఇంట్లో తిప్పితే నామోషీ!

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, రోజులో ఇంటి పనులు చేసే ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. ఆ చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలే.

ఈ నామోషీ వల్ల నష్టం మనకే కాదు, వాళ్లకీ ఉంది. భార్య పోయిన పెద్దాయన్ని చూడండి. కాఫీ పొడి ఏ డబ్బాలో ఉందో తెలియదు. ఒకరిని అడగాలంటే మొహమాటం. నలుగురిలో కన్నీళ్లు పెట్టుకోవాలన్నా సిగ్గే.

మరి మనం? ‘ఆయన కూరలు తరుగుతారని మా అత్తగారితో అనకండీ’ అంటూ మనమే దాచిపెడతాం. ఆడపిల్లలా ఉండటం అవమానమని కొడుకుతో అంటే, పక్కనే వింటున్న కూతురికి ఏం నేర్పినట్టు?

ఈ ఆదివారం బట్టల బకెట్టు మీ అబ్బాయి చేతికివ్వండి. డాబా మీదే ఆరేయమనండి. ఎదురింటివాళ్లు చూస్తే చూడనివ్వండి. వాళ్లింట్లోనూ ఓ అబ్బాయి ఉండే ఉంటాడు!