జ్వాలాపురం బూడిద

విశాఖ రేవుకు కావలి కాచే డాల్ఫిన్స్ నోస్ కొండ చల్లారిన అగ్నిపర్వతమని భావించే విద్యార్థి పొరబడినట్లే. అది ఖొండలైటు, భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారిన శిల. మహావిస్ఫోటనపు సాక్ష్యం చూడగోరువారు నేటి నంద్యాల జిల్లాకు వెళ్లవలెను.

ఒకప్పుడు నవాబుల సంస్థానమైన బనగానపల్లె ప్రాంతంలో, జుర్రేరు లోయలో జ్వాలాపురమనే గ్రామం కలదు. అచ్చటి మట్టి క్రింద తెల్లని మెత్తని బూడిద పొర ఉన్నది. గ్రామం పేరు చూచి ఆ జ్వాల అక్కడే రేగినదని తలచరాదు. సుమారు 74,000 సంవత్సరాల క్రితం, రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరాన, సుమత్రా ద్వీపంలో తోబా అగ్నిపర్వతం పేలినది. ఆ గోతిలో నేడు దాదాపు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు నిలిచియున్నది.

ఈ సంగతి ఎట్లు తెలిసినది? సూక్ష్మదర్శినిలో ఆ బూడిద బూడిదగా కనిపించదు. గాజుపెంకుల గుట్టగా కనిపిస్తుంది. శిలాద్రవంలోని వాయుబుడగలు పగిలినప్పుడు వాటి గోడలే ఈ వంపు పెంకులైనవి. వీటి రసాయన సమ్మేళనం వేలిముద్ర వంటిది. బంగాళాఖాతం అడుగున దొరికిన తోబా బూడిదతో అది సరిపోలినది.

ఇక్కడ తొందరపాటు తగదు. జ్వాలాపురంలో పొర కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటినది. ఆకాశం నుండి అంతా రాలలేదు. రాలినది కొద్ది సెంటీమీటర్లే. మిగిలినది వానలకు గట్ల మీద నుండి కొట్టుకువచ్చి లోయలో పేరుకొన్నది. ఈ భేదం గుర్తించనిచో విపత్తును అనేక రెట్లు పెంచి చెప్పుకొందుము. అయినను కొద్ది సెంటీమీటర్లు చాలు: పైరు కప్పబడును, త్రాగునీరు చెడును, తడిసిన బూడిద బరువుకు బలహీనమైన కప్పులు కూలును.

మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ ప్రభృతులు 2007లో ప్రకటించిన పరిశోధనలో విశేషమిది: పొర క్రిందా, పైనా కూడ రాతి పనిముట్లు దొరికినవి; వాటి తయారీ పద్ధతి పెద్దగా మారలేదు. అనగా మనుషులు ఆ ఉపద్రవాన్ని దాటి బ్రతికినారని వారి వాదం. ఎముకలు లభించలేదు గనుక ఆ మనుషులెవరన్న వివాదం తీరలేదు.

మన సమీపాన అండమానులోని బారెన్ ద్వీపం దీర్ఘనిద్ర తరువాత 1991లో మేల్కొన్నది. తోబాతో పోల్చిన అది చిన్నదే. కాని ఏ పర్వతం ఎంత దూరం బూడిద చల్లగలదో చెప్పుటకు పాత పొరలే ఆధారం. జ్వాలాపురపు బూడిదనో, పాత్రలు తోమే పొడికై త్రవ్వి అమ్మినారు. ఆ గోతుల గోడలలోనే పరిశోధకులకు పొరలు స్పష్టంగా కనిపించినవి. ఆ గోతులలోనే కొంత సాక్ష్యం శాశ్వతంగా పోయినది.