మహారాజా ఎక్కని కాంకార్డ్

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి నేరుగా గీత గీస్తే దాదాపు 500 కిలోమీటర్లు. గంటకు 2,180 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి ఆ దూరం పద్నాలుగు నిమిషాల పని. నాంపల్లిలో రైలెక్కినవాళ్లు సికింద్రాబాద్ చేరేలోపు విశాఖ సముద్రం కనిపించేస్తుందన్నమాట!

అంత వేగంగా వెళ్లే కాంకార్డ్ 27 ఏళ్లపాటు ప్రయాణికుల్ని మోసింది. దాన్ని కొనాలని మన ఎయిర్ ఇండియా కూడా ముచ్చటపడింది. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కాంకార్డ్‌ను తయారుచేస్తున్న రోజుల్లో, 1964లోనే రెండు విమానాలకు పేరు నమోదు చేసుకుంది. అప్పట్లో పాన్ యామ్, జపాన్ ఎయిర్‌లైన్స్, క్వాంటాస్... అందరూ ఆ వరుసలో ఉన్నవాళ్లే. ఇక ముందు దూర ప్రయాణాలన్నీ ధ్వనిని మించిన వేగంతోనే అని గట్టిగా నమ్మిన కాలం అది.

1969 మార్చి 2న తులూజ్‌లో కాంకార్డ్ తొలిసారి గాల్లోకి లేచింది. అంతకు రెండు నెలల ముందే సోవియట్ రష్యా టీయూ-144ను ఎగరేసింది కానీ, అది ప్రయాణికులతో చేసిన ట్రిప్పులు 55 మాత్రమే. కాంకార్డ్ మాత్రం నిజంగా అద్భుతమే. 60 వేల అడుగుల ఎత్తున వెళ్తుంటే గాలి ఒత్తిడికి ముక్కు 127 డిగ్రీల దాకా వేడెక్కేది. ఆ వేడికి విమానం పొడవు జానెడు దాకా సాగేది! దిగేటప్పుడు రన్‌వే కనపడాలంటే పైలట్ ఆ ముక్కును కిందికి వంచాల్సిందే.

చిక్కల్లా చప్పుడుతోనే. చెరువులో పడవ వేగంగా పోతే వెనక అల విచ్చుకుంటుంది కదా... ధ్వని కంటే వేగంగా పోయే విమానం వెనకా గాల్లో అలాంటి అలే సాగుతుంది. అది నేలను తాకినప్పుడు ‘ఢాం’మని పేలుడు వినిపిస్తుంది. ధ్వని వేగాన్ని దాటే క్షణంలో ఒక్కసారే ఆ మోత వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ వేగంతో పోతున్నంతసేపూ దారి పొడవునా వస్తూనే ఉంటుంది. ఆ మోత వినిపించే మేర వెడల్పు సుమారు 80 కిలోమీటర్లు. నాచారం, ఉప్పల్ మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక్క కాంకార్డ్ వెళ్లిందనుకోండి. అటు భువనగిరి నుంచి ఇటు పటాన్‌చెరు దాకా అందరూ ఉలిక్కిపడాల్సిందే. పైన కూర్చున్నది మాత్రం వందమంది!

అమెరికా 1964లో ఓక్లహామా సిటీ మీద యుద్ధవిమానాలతో ఆరు నెలలపాటు ఈ మోతను పరీక్షించింది. మొత్తం 1,253 సార్లు. కిటికీ అద్దాలు పగిలాయి, ఫిర్యాదులు వేలల్లో వచ్చాయి. ఈ మోతతో బతకడం మా వల్ల కాదని నాలుగోవంతుకు పైగా జనం తేల్చిచెప్పారు.

ఆపైన 1973లో చమురు ధర భగ్గుమంది. గుక్కెడు గుక్కెడుగా కాదు, బిందెలకొద్దీ ఇంధనం తాగే విమానం ఎవరికి గిడుతుంది? ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. 1975లో ఎయిర్ ఇండియా పేరు కూడా జాబితాలోంచి పోయింది. మిగిలినవి బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్.

1976 జనవరి 21న ప్రయాణికుల సర్వీసులు మొదలయ్యాయి. లండన్ నుంచి బహ్రెయిన్‌కు నడిచిన సర్వీసును మరుసటి ఏడాది సింగపూర్ దాకా పొడిగించారు. అయితే తమ గగనతలంలో ధ్వనిని మించిన వేగానికి భారత్ ఒప్పుకోలేదు, మలేషియా కూడా అభ్యంతరం చెప్పింది. వేగం తగ్గించి ఎగిరితే కాంకార్డ్‌కు ఇంధనం ఖర్చు కూడా దండగే. 1980లో ఆ సర్వీసు ఆగిపోయింది. ఆ విమానం కొనాలనుకున్న దేశమే పదేళ్లు తిరిగేసరికి దాని దారికి అడ్డుచెప్పడం విచిత్రమే కానీ, కింద ఉన్న జనాన్ని తలచుకుంటే తప్పు పట్టలేం.

చివరికి కాంకార్డ్‌కు సముద్రమే దిక్కైంది. లండన్ నుంచి న్యూయార్క్‌కు మూడున్నర గంటలు. లండన్‌లో ఉదయం పదిన్నరకు ఎక్కితే, న్యూయార్క్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో పది కూడా అయ్యేది కాదు. 2000 జులై 25న పారిస్ దగ్గర జరిగిన ప్రమాదంలో 113 మంది చనిపోయారు. రన్‌వే మీద పడున్న లోహపు ముక్క టైరును చీల్చడంతో మొదలైన ఘోరమది. 2003లో కాంకార్డ్ సర్వీసులు పూర్తిగా ముగిశాయి.

ఇప్పుడు మళ్లీ ప్రయత్నాలు మొదలయ్యాయి. బూమ్ సంస్థ తయారుచేసిన ఎక్స్‌బీ-1 అనే చిన్న విమానం 2025 జనవరిలో ధ్వని వేగాన్ని దాటింది. అదే ఏడాది అక్టోబరులో నాసా వారి ఎక్స్-59 తొలిసారి ఎగిరింది. సూదిలాంటి పొడవాటి ముక్కుతో, ఆ పేలుడును మెత్తని ‘ధబ్’ చప్పుడుగా మార్చాలన్నది దాని లక్ష్యం. తర్వాత దాన్ని అమెరికా పట్టణాల మీదుగా నడిపి, కింద ఇళ్లలో ఉన్నవాళ్లకు ఎలా వినిపించిందో వాళ్లనే అడగాలన్నది నాసా ప్రణాళిక.