గుఱ్ఱములు నడచిన బాట

యూరపు ఖండమున డాన్యూబు అను మహానది కలదు. అది జర్మనీ దేశమునందలి నల్ల అడవిలో పుట్టి, పది దేశముల నేలను తాకుచు, దాదాపు 2,850 కిలోమీటర్లు ప్రవహించి నల్లసముద్రమున కలియును. నల్ల అడవిలో పుట్టి నల్లసముద్రమును చేరు ఈ నదికి కవులును గాయకులును నీలవర్ణమును అంటగట్టిరి. కాని గట్టున నిలిచి చూచువారికి అది పెక్కు దినములు పచ్చగనో, బూడిద రంగుననో కనబడును.

జర్మనీ సరిహద్దున నున్న పాసౌ పట్టణము మొదలు ఆస్ట్రియా రాజధానియగు వియన్నా వరకు ఈ నది వెంట సైకిలు బాట యొకటి కలదు. దాని పొడవు దాదాపు 320 కిలోమీటర్లు. దీనిపై పోవువారు పందెపు రౌతులు కారు. తల్లిదండ్రుల వెంట వచ్చిన పదేండ్ల పిల్లలు, ఉద్యోగములనుండి విరమించిన వృద్ధులు, బుట్టలలో రొట్టెయు నీళ్ళసీసాయు పెట్టుకొన్న విద్యార్థులు ఇందు కనబడుదురు. దినమునకు ఏబది కిలోమీటర్ల చొప్పున సాగి, రాత్రి ఏదో యొక ఊర బసచేయుచు, వారు ఒక వారములో వియన్నా చేరుదురు.

ఇంత దూరము సామాన్యులు కూడ సైకిలుపై పోగలుగుటకు కారణము వాలు. సైకిలు త్రొక్కువానికి పరమశత్రువు ఎత్తు. సమతలమున హాయిగ పోవువాడే కొండదారి వచ్చినంతనే దిగి సైకిలును తోసికొని పోవలసివచ్చును. నది యెన్నడును ఎత్తునకు ఎక్కదు గదా! కావున దాని గట్టునే నమ్ముకొన్న బాట కూడ పెద్దగా ఎక్కదు. పాసౌకును వియన్నాకును ఎత్తులో గల భేదము దాదాపు 140 మీటర్లు మాత్రమే. అనగా కిలోమీటరునకు అరమీటరైనను లేని దిగుడు. అది కంటికి తెలియదు, కాళ్ళకు మాత్రము తెలియును. అదిగాక ఆ ప్రాంతమున గాలి తరచుగ పడమటినుండి తూర్పునకు వీచును. అందువలననే పాసౌనుండి వియన్నాకు పోవువారు పెక్కుమందియు, ఎదురుగ వచ్చువారు కొలదిమందియు ఉందురు.

అయితే ఈ చదునైన బాటను మొదట సైకిళ్ళకొఱకు వేయలేదు. సైకిలు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు ముందే ఇది కలదు. దీనిపై గుఱ్ఱములు నడచెను.

ఆవిరి యంత్రము రాకముందు సరకుల రవాణాకు నదియే రాజమార్గము. ప్రవాహము వెంట దిగుట సులువు. ఎగువనున్న ఉల్మ్ పట్టణమున పలకలతో చౌకగా కట్టిన పడవలు దిగువకు సరకును మనుష్యులను మోసికొని వచ్చి, వియన్నా చేరిన పిమ్మట విప్పబడి కలపగా అమ్ముడుపోవుచుండెను. వానిని వెనుకకు తీసికొని పోవుటకంటె అమ్ముకొనుటయే లాభము! అయినను ధాన్యము, ద్రాక్షసారాయము మున్నగునవి ఎగువకు పోకతప్పదు. అందులకై పెద్ద పడవలను ఒకదాని వెనుక నొకటి కట్టి, లావైన మోకులు తగిలించి, గట్టుపై గుఱ్ఱములచేత లాగించెడివారు. ఒక్కొక్క పడవల వరుసకు ముప్పది నలుబది గుఱ్ఱములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కావలసివచ్చెడివి. ఒక గట్టున కొండ నిలువుగ నదిలోనికి దిగి దారి మూసివేసినచో, గుఱ్ఱములన్నిటిని పడవల కెక్కించి ఆవలి గట్టునకు చేర్చి, మరల మోకులు తగిలించెడివారు. వియన్నానుండి లింట్జ్ పట్టణమునకు ఎగువకు చేరవలెనన్న వారములు పట్టెడివి. గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలపై పడవలు తిరిగిన కాలమున, గట్టుపై మనుష్యులు భుజమున తాడు వేసికొని పడవను లాగుచు నడచిన విధమును ఎఱిగినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. అక్కడ గుఱ్ఱము చేసిన పనిని ఇక్కడ మనిషి చేసెను.

1829లో వియన్నాలో ఆవిరినావల సంఘమొకటి ఏర్పడెను. మరుసటి యేడే దాని నావ డాన్యూబుపై తిరిగెను. పిమ్మట రైలు కూడ వచ్చెను. గుఱ్ఱములకు పని పోయెను. బాట మాత్రము నిలిచెను. నదిని కనిపెట్టి గట్లను బాగుచేయు ఉద్యోగులు దానిని వాడుకొనుచుండిరి. 1980వ దశకమున ఆస్ట్రియావారు ఆ గట్టుబాటలను ఒకదానితో నొకటి కలిపి, మార్గసూచికలు నాటి, సైకిళ్ళకు తెరచిరి. నేడది అట్లాంటిక్ సముద్రతీరము నుండి నల్లసముద్రము వరకు పోవు పొడవైన సైకిలు మార్గమున ఒక భాగము.

పాసౌ పట్టణమున మూడు నదులు కలియును. అడవి బురదనేలలనుండి వచ్చు ఇల్ట్జ్ నల్లగను, ఆల్ప్స్ పర్వతముల మంచునీటిని తెచ్చు ఇన్ పచ్చగను ఉండి, కొంతదూరము రంగులు వేఱుగనే సాగును. సంవత్సరము మొత్తముమీద చూచిన ఇన్ తెచ్చు నీరే డాన్యూబు నీటికంటె హెచ్చు. అయినను కలిసిన పిదప పేరు మాత్రము డాన్యూబుదే! ఆ పట్టణపు పురమందిర గోపురము గోడపై వరదల గుర్తులు చెక్కియున్నారు. 2013 జూన్ నెలలో వచ్చిన వరద 12.89 మీటర్ల ఎత్తునకు లేచెను. 1501వ సంవత్సరపు వరద తరువాత అంతటిది ఆ ఊరు ఎఱుగదు. సైకిలు బాటపై బయలుదేరువాడు ఆ గుర్తులను తలయెత్తి చూచి మఱి కదలుట మంచిది. వారమంతయు ప్రక్కన నెమ్మదిగా నడచు నది ఎట్టిదో వానికి తెలియును.

పాసౌ దాటిన తరువాత ష్లోగెన్ అనుచోట గట్టి నల్లరాతి కొండలు అడ్డుపడుటచే నది వచ్చిన దిక్కునకే తిరిగి పెద్ద వంపు పోవును. ఉత్తరపు గట్టున బాట సాగుటకు చోటు లేదు. కావున సైకిళ్ళను ఎక్కించుకొనుటకు చిన్న పడవలు తిరుగుచుండును. వెనుకటి గుఱ్ఱములవలెనే నేటి సైకిళ్ళును ఇచట నీటిపై పోవలసినదే.

తరువాతి పెద్ద పట్టణము లింట్జ్. గ్రహముల చలనమును పరిశోధించిన జోహానెస్ కెప్లర్ 1612 నుండి 1626 వరకు ఇచట నివసించెను. 1613లో అతడు రెండవ వివాహము చేసికొనుచు, ఇంటికి ద్రాక్షసారాయపు పీపాయిలు కొనెను. ఆ యేడు దిగువ ప్రాంతములలో ద్రాక్ష విరగబండి, పీపాయిలు పడవలపై ఎగువకు వచ్చియుండెను. వర్తకుడు పీపాయి నడుమనున్న రంధ్రము గుండ కొలబద్దను అడుగు మూల వరకు ఏటవాలుగ దించి, దానిపై అంకె చూచి, ఇంత సారాయమున్నదని చెప్పెను. లెక్క లేదు, గుణకారము లేదు! సన్నని పొడుగు పీపాయికిని, పొట్టి లావు పీపాయికిని ఆ కొలత ఒక్కటే కావచ్చునే, అప్పుడు లోపలి సరకు ఒక్కటే యగునా యని కెప్లరునకు సందేహము కలిగెను. అతడు పీపాయిని మనస్సులోనే పలుచని బిళ్ళలుగ కోసి, ఆ బిళ్ళల పరిమాణములను కూడి లెక్కించెను. ఆస్ట్రియా పీపాయిల ఆకారము దాదాపుగ మిక్కిలి ఎక్కువ సరకు పట్టునదనియు, అట్టి ఆకారమున కొలది మార్పు వచ్చినను పరిమాణము పెద్దగా మారదనియు తేల్చెను. వర్తకుని కొలబద్ద అంత మోసకారి కాదన్నమాట. ఈ లెక్కలను 1615లో గ్రంథముగ ప్రకటించెను. తరువాతి కాలమున పుట్టిన కలన గణితమునకు ఇది తొలిమెట్లలో నొకటి.

లింట్జ్ దాటి కొంతదూరము పోగా మౌట్‌హౌజెన్ అను చిన్న ఊరు వచ్చును. నది ఒడ్డున చక్కని ఇండ్లు, పూలకుండీలు. ఊరి పైనున్న గుట్టపై రాతిగోడల కట్టడమొకటి కలదు. 1938లో నాజీలు ఇచట నిర్బంధశిబిరము నెలకొల్పిరి. బందీలచేత రాతిగనిలో బండలు కొట్టించి, వానిని వీపుపై మోయించి 186 మెట్లు ఎక్కించిరి. ఈ శిబిరమునకును దాని ఉపశిబిరములకును దాదాపు 1,90,000 మంది తేబడిరి. వారిలో 90,000 మందికి తక్కువ కాకుండ మరణించిరి. 1945 మే 5వ తేదీన అమెరికా సైన్యము వచ్చి మిగిలినవారిని విడిపించెను. బాటపై పోవువారిలో పలువురు ఇచట సైకిలును క్రింద నిలిపి, ఆ గుట్ట ఎక్కి వత్తురు. ఆ దినమున వారు ఎక్కువ దూరము పోరు.

గ్రైన్ పట్టణము వద్ద కొండలు నదిని ఇరుకున బెట్టును. పూర్వమిచట నీటిలో బండలును సుడిగుండములును ఉండి, పడవవాండ్రను భయపెట్టుచుండెను. దారి తెలిసిన స్థానికులను ఎక్కించుకొనక ఎవరును దాటెడివారు కారు. 18వ శతాబ్దిలో మేరియా థెరీసా రాణి కాలమున బండలను పేల్చుట ఆరంభమయ్యెను. కడకు 1959లో దిగువన ఈబ్స్-పెర్జెన్‌బోయిగ్ ఆనకట్ట పూర్తియై, నిలువనీరు ఆ ఇఱుకునంతయు కప్పివేసెను. నేడు పాసౌ వియన్నాల నడుమ ఇట్టి జలవిద్యుత్ ఆనకట్టలు పది కలవు. కొన్నిటిపైనుండి సైకిళ్ళు ఈ గట్టునుండి ఆ గట్టునకు దాటును. ఆస్ట్రియా విద్యుచ్ఛక్తిలో సగమునకు పైగా నదులనుండియే వచ్చును గనుక ఇవి ఆ దేశమునకు చేసిన మేలు తక్కువ కాదు.

మెల్క్ పట్టణమున రాతికొండపై పసుపు వన్నె మఠము దూరమునుండియే కనబడును. 1089లో సన్న్యాసులచట నెలకొనిరి. ఇప్పటి కట్టడము 1702లో మొదలై 1736లో ముగిసినది. మెల్క్ నుండి క్రెమ్స్ వరకు గల లోయను వాఖౌ అందురు. కొండవాలులపై రాళ్ళు పేర్చి మెట్లు మెట్లుగ చేసిన ద్రాక్షతోటలును, క్రింద ఏప్రికాట్ తోటలును ఇచటి సంపద. లోయలోని విల్లెన్‌డార్ఫ్ వద్ద 1908లో పదకొండు సెంటీమీటర్ల సున్నపురాతి స్త్రీమూర్తి దొరకెను. దాని వయస్సు దాదాపు 30,000 ఏండ్లు.

ఈ లోయలో చూడదగిన వింత స్పిట్జ్ వద్దనున్న పడవ. దానికి యంత్రము లేదు, తెరచాప లేదు, తెడ్డు లేదు. అయినను కార్లను సైకిళ్ళను మోసికొని నదిని అడ్డముగ దాటును. నదికి పైన ఈ గట్టునుండి ఆ గట్టునకు ఉక్కుతాడు కట్టియున్నది. దానిపై దొర్లు కప్పీలకు పడవ వ్రేలాడుచుండును. నడుపువాడు చుక్కానిని త్రిప్పి పడవను ప్రవాహమునకు ఏటవాలుగ నిలుపును. దిగువకు పోగోరు నీరు పడవ ప్రక్కను నెట్టును. తాడు పడవను దిగువకు పోనీయదు. ఇక మిగిలిన దారి ప్రక్కకే గనుక పడవ ప్రక్కకు జరుగును. తిరిగి రావలెనన్న ఏటవాలును మార్చిన చాలును. గాలిపటమును గాలి పైకి నెట్టుటయు, దారము దానిని పోనీయకుండుటయు ఇట్టిదే.

ఈ పడవ నడువవలెనన్న నీరు పారవలెను. నిలువనీటిలో అది కదలదు. వాఖౌలో కూడ ఆనకట్ట కట్టవలెనని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున తలపెట్టిరి. లోయవాసులు గట్టిగ ఎదిరించిరి. ఆ తలపు విడువబడెను. వియన్నాకు దిగువన హైన్‌బుర్గ్ వద్దను అట్లే జరిగెను. 1984 డిసెంబరు చలిలో వేలమంది అడవిలో బైఠాయించి చెట్లను కొట్టనీయలేదు. 1996లో ఆ అడవి జాతీయోద్యానమయ్యెను. ఆస్ట్రియాలో డాన్యూబు నేటికిని స్వేచ్ఛగ పారుచున్నవి ఈ రెండు చోట్లే.

వాఖౌలోనే డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలములు కలవు. ధర్మయుద్ధమునుండి మారువేషమున తిరిగి వచ్చుచున్న ఇంగ్లండు రాజు రిచర్డును 1192లో ఆస్ట్రియా ప్రభువు పట్టి ఇచట బంధించెను. వెండి రాసులు చెల్లించి ఆంగ్లేయులు అతనిని విడిపించుకొనిరి. ఒక గాయకుడు కోటలన్నిటి క్రింద పాడుచు తిరిగి రాజు జాడ కనిపెట్టెనను కథ వినుటకు బాగుండును గాని, అది చరిత్ర కాదు.

క్రెమ్స్ దాటిన పిదప కొండలు తొలగి మైదానము వచ్చును. కుడిగట్టున ట్స్వెంటెన్‌డార్ఫ్ వద్ద బాట ప్రక్కనే అణువిద్యుత్ కేంద్రమొకటి నిలిచియున్నది. కట్టుట పూర్తియైనది గాని అది ఒక్క దినమైనను పనిచేయలేదు. దానిని నడుపవచ్చునా యని 1978 నవంబరు 5వ తేదీన ప్రజలను అడిగిరి. నూటికి 50.47 మంది వలదనిరి. అంత కొలది తేడాతో వచ్చిన తీర్పునే ప్రభుత్వము పాటించెను. తరువాతి ఊరగు టుల్న్ వద్ద రోమనుల కాలపు బురుజు నది ఒడ్డుననే కలదు. ఒకప్పుడు రోము సామ్రాజ్యమునకు డాన్యూబే ఎల్ల.

కొలది గంటలలో వియన్నా వచ్చును. ఇచట వరదనీటికొఱకు రెండవ పాయ త్రవ్వి, ఆ మట్టితో 21 కిలోమీటర్ల పొడవైన దీవిని చేసిరి. సాయంకాలమున నగరవాసులు ఆ దీవిపై సైకిళ్ళు త్రొక్కుచు, ఈదుచు పొద్దుపుచ్చుదురు. దూరమునుండి వచ్చినవారు సైకిలుతో కూడ రైలెక్కుదురు. గుఱ్ఱములు వారములకొలది మోకులు లాగిన ఎదురు దారిని దాటి, ఆ రైలు మూడు గంటలకు లోపుననే వారిని మరల పాసౌలో దించును.