రైలుబండిలో పసివాళ్ళ నిద్ర

ముంబయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఏడాదికి ఒక్కసారైనా బండి ఎక్కక తప్పదు. పెళ్ళో, పేరంటమో, పెద్దల ఆబ్దికమో, ఏదో ఒకటి గోదావరి ఒడ్డు నుండి పిలుస్తూనే ఉంటుంది. టిక్కెట్లు, మూటలు, మరచెంబు, పులిహోర పొట్లాలు, వీటి సంగతి పది రోజుల ముందు నుండే చూసుకుంటాము. చంకనున్న పసిబిడ్డ ఆ రాత్రి ఎలా నిద్రపోతుందన్న ఆలోచన మాత్రం బండి కదిలిన తరువాత గాని రాదు. మాకూ రాలేదు. రాకపోవడం వల్ల ఏమి జరిగిందో, పిమ్మట ఏమి నేర్చుకున్నామో చదువరులతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాకు లేకలేక పుట్టిన అమ్మాయి. 2022 వేసవిలో దానికి పదో నెల. యానాంలో ఉన్న మా అత్తగారు మనుమరాలిని ఇంకా కళ్ళారా చూడలేదు. భువనేశ్వరం పోయే బండిలో సామర్లకోట దాకా వెళ్ళి, అక్కడి నుండి కాకినాడ మీదుగా యానాం చేరాలని బయలుదేరాము. ఆ బండి మధ్యాహ్నం కదులుతుంది. పిల్ల ఇంట్లో ఉంటే సరిగ్గా ఆ వేళకే ఒక కునుకు తీస్తుంది. ఆనాడు స్టేషను హడావుడిలో ఆ కునుకు పోయింది. పోతే పోయిందిలే, అలసిపోయి రాత్రి త్వరగా పడుకుంటుందని మేమే సంతోషించాము. ఎంత తెలివితక్కువ లెక్కో తరువాత గాని తెలియలేదు. పెద్దవాళ్ళు అలసిపోతే పడుకుంటారు. పసివాళ్ళు మరీ అలసిపోతే నిద్ర పట్టక ఇంకా ఏడుస్తారు.

కల్యాణ్ దాటాక ఎలాగో రెప్ప వాల్చింది. అంతలో కర్జత్ వచ్చింది. ఘాట్ ఎక్కించడానికి అక్కడ బండికి వెనుక నుండి ఇంజన్లు తగిలిస్తారు. ఆ కుదుపు ఒకటి, వడాపావ్ వాళ్ళ కేకలు ఒకటి. లేచిన పిల్ల లోణావళా వరకు ప్రతి సొరంగానికీ కెవ్వుమంది. పూనా వెళ్ళింది, చీకటి పడింది, పదిగంటలకు పెట్టెలో దీపాలు ఆర్పారు. ఏడుపు మాత్రం ఆగలేదు. షోలాపూరులో మనవాళ్ళు, మగ్గం మీద బ్రతికిన పద్మశాలీల ఇళ్ళవాళ్ళు, మూటలతో ఎక్కి గట్టిగా తెలుగులో పలకరించుకుంటున్నారు. పరాయి ఊళ్ళో తెలుగు మాట వినబడితే మాకు ప్రాణం లేచి వస్తుంది. ఆ రాత్రి బిడ్డ కూడా లేచి వచ్చింది.

అప్పుడు ఎదుటి బెర్తు మీది పెద్దావిడ సంచిలోంచి జలుబు మందు సీసా తీసింది. "ఒక అరచెంచా పొయ్యి అమ్మాయీ, హాయిగా పడుకుంటుంది. మా మనుమలందరికీ పోశాను," అన్నది. ఆవిడ మనసు మంచిదే. మా ఇంటావిడ "ఏమంటారండీ?" అని మా వంక చూసింది. పోయమన్నది మేమే. పావుగంటలో పిల్ల నిద్రపోయింది, పెట్టె అంతా నిట్టూర్చింది.

తెల్లవారుజామున సికింద్రాబాదులో పాలు పట్టబోతే లేవలేదు. అరికాళ్ళు నిమిరాము, మొహాన తడిగుడ్డ వేశాము, పేరు పెట్టి పిలిచాము. మూలిగి మళ్ళీ తల వాల్చేసేది. ఊపిరి ఆడుతున్నదో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ ఇద్దరమూ కూర్చున్నాము. కాజీపేట, వరంగల్లు ఎలా వెళ్ళాయో మాకు తెలియదు. ఖమ్మం దాటాక గాని సరిగ్గా కళ్ళు తెరవలేదు. ఈ సంగతి మా అత్తగారికి ఈనాటికీ చెప్పలేదు.

తిరిగి వచ్చాక పిల్లల వైద్యురాలి దగ్గర ఒప్పుకున్నాము. ఆవిడ కోప్పడలేదు, విడమరచి చెప్పింది. జలుబు మందులలోని మత్తు పసివాళ్ళకు నిద్ర కాదు, ఒక్కొక్కరికి ఊపిరినే మందగింపజేస్తుంది. రెండేళ్ళ లోపు వాళ్ళకు దుకాణంలో అడిగి కొనే జలుబు, దగ్గు మందులు ఇవ్వవద్దని అమెరికా ఔషధ శాఖ 2008లోనే హెచ్చరించింది. మన ప్రభుత్వ ఔషధ నియంత్రణాధికారి కూడా 2023 డిసెంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చారు. క్లోర్‌ఫెనిరమీన్, ఫెనిలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసా మీదనే అచ్చు వేయాలన్నారు. ఇంట్లో ఉన్న సీసాలను ఒకమాటు వెలుతురులో పెట్టి చదువుకోండి.

2024 సంక్రాంతికి మళ్ళీ బయలుదేరినప్పుడు పిల్లకు రెండున్నర ఏళ్ళు. ఈసారి ముందు నిద్ర లెక్క వేసుకున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం నాలుగు నుండి పదకొండు నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుండి 16 గంటలు, ఏడాది నుండి రెండేళ్ళ వాళ్ళకు 11 నుండి 14 గంటలు నిద్ర కావాలి. పగటి కునుకు కూడా ఆ ఖాతాలోదే. అందుచేత స్టేషనుకు ముందే భోజనం పెట్టి, టాక్సీలోనే పడుకోబెట్టాము.

రెండవది ఇంటి వాసన. పిల్ల రోజూ పడుకునే దుప్పటిని ఉతకకుండా తెచ్చాము. ఉతికిన కొత్త దుప్పటి నలుగురిలో మర్యాదగా ఉంటుంది గాని పిల్లకు అది పరాయి గుడ్డ. ఇంట్లో ఏ వరుసలో పడుకోబెడతామో బండిలోనూ అదే వరుస: మొహం తుడవడం, బట్టలు మార్చడం, పాలు, జోల. జోల పాడడానికి మా ఇంటావిడ మొదట సిగ్గుపడింది. తరువాత పక్కవారి పిల్ల కూడా ఆ పాటకే పడుకుంది.

బెర్తు విషయంలో మా ఇంట పెద్ద చర్చ జరిగింది. అయిదేళ్ళు నిండని పిల్లకు టిక్కెట్టు అక్కరలేదు, బెర్తూ రాదు. కావాలంటే పెద్దవారి చార్జీ పూర్తిగా చెల్లించాలి. గుమాస్తా జీతానికి అది చిన్న మొత్తం కాదు, అయినా కట్టాము. ఇరుకు బెర్తు మీద బిడ్డను పక్కలో వేసుకొని తల్లి ఆదమరచి నిద్రపోతే, బిడ్డ క్రిందనైనా పడవచ్చు, తల్లి ఒంటి క్రిందనైనా నలగవచ్చు. 2022 మేలో ఉత్తర రైల్వేవారు లక్నో మెయిల్‌లో క్రింది బెర్తుకు ఆనించి చిన్న శిశు బెర్తు ఒకటి ప్రయోగంగా అమర్చారు. మేము ఎక్కిన బండిలో అటువంటిది లేదు. పిల్లను క్రింది బెర్తులో గోడవైపు వేసి, ఇద్దరిలో ఒకరం వంతులవారీగా మేలుకొని ఉన్నాము. ఏడాది లోపు బిడ్డ అయితే వెల్లకిలా, చదునైన గట్టి పక్క మీద, తలగడ లేకుండా పడుకోవాలి. చలి పెట్టెలో మొహం మీదికి కంబళి లాగడం బొత్తిగా కూడదు. వెలుతురు పడకూడదనుకుంటే గుడ్డ కిటికీకి కట్టాలి గాని బిడ్డ మీద కప్పరాదు.

చీర ఉయ్యాల మాట కూడా చెప్పాలి. బెర్తు గొలుసులకు పాత చీర కట్టి ఊపడం మన ఆడవారికి తరతరాల అలవాటు. చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని ముడి జారితే గతేమిటి? బ్రేకు పడితే? పైగా చీరలో మరీ పసికందు వంగి, గడ్డం గుండెకు ఆనుకొంటే ఊపిరికి కష్టం. ఈ విషయంలో మా అత్తగారితో ఇంకా రాజీ కుదరలేదు.

ఇంకొకటి గమనించాము. బండి చప్పుడు పిల్లను లేపదు, ఆ చప్పుడు ఆగిపోతేనే లేస్తుంది. కాబట్టి పెద్ద స్టేషన్లు ఎప్పుడు వస్తాయో కాగితం మీద వ్రాసుకున్నాము. బండి నెమ్మదించగానే ఒకరం పిల్ల వీపు మీద చెయ్యి వేసేవాళ్ళము. షోలాపూరులో మనవాళ్ళను సైగలతోనే పలకరించాము. ఏమనుకున్నారో ఏమో!

ఊరు చేరాక అసలు కష్టం. ఇరవై మంది ఎత్తుకోవాలని చూస్తారు. మొదటి గంట దోమతెరలో పడుకోనిచ్చి తరువాత ఎత్తుకోమని ముందే ఫోనులో చెప్పుకోవడం మేలు. అమెరికా నుండి వచ్చే మనుమలకు రాత్రి పగలూ తారుమారవుతాయి. వాళ్ళను అర్ధరాత్రి ఆటలకు కోప్పడక, ఉదయం ఎండలో వీధిలోకి తీసుకుపోతే కొద్ది రోజులలో సర్దుకుంటారు.

ఆ సంక్రాంతి ప్రయాణంలో మా పిల్ల షోలాపూరులో ఒకసారి కదిలింది, సికింద్రాబాదులో కదలనే లేదు. మేము మాత్రం పాత భయంతో ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాము. ఆ వేలు పట్టుకొని "పో నాన్నా" అని అటు తిరిగి పడుకుంది.